తూము మనది, తాళం ఎవరిది?

“అవన్నీ మీకెందుకండీ?”

యంత్రం కొన్న ప్రతివాడూ ఏదో ఒకనాడు వినక తప్పని మాట ఇది. నేను ఓ వేసవిలో విన్నాను. నా రెండవ ల్యాప్‌టాపులోని ప్రాసెసరు ఎన్ని వాట్లు తాగాలో నిర్ణయించుకునే హక్కు నాకు ఇప్పించమని అడగడానికి దాని సేవాకేంద్రానికి వెళ్తే, బల్లకు అవతల కూర్చున్న యువకుడు కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, ఎంతో మర్యాదగా ఈ మాటన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అది అతనికి నేర్పిన పాఠం. నా కోపమంతా ఆ పాఠం రాసినవారి మీద. ఈ టపా వారితో నా పేచీ.

సంగతేమిటో మొదటినుంచీ చెప్పాలి. మా నాన్నగారు కూడబెట్టిన పాత పత్రికల సంచికలు మా అటక మీద ఉన్నాయి. చెదలు వాటిని చదివెయ్యకముందే (అంత శ్రద్ధగల పాఠకులు మరొకరు దొరకరు) స్కాను చేసి, టెసరాక్టు అనే స్వేచ్ఛా సాఫ్టువేరుతో బొమ్మలను అక్షరాలుగా మార్చుకుందామని పూనుకున్నాను. పని రాత్రుళ్లు నడవాలి. స్థలం బెజవాడ, కాలం మే నెల. ఆ నెలలో ఆ ఊళ్లో మేడమీది గది ఎలా ఉంటుందో ఎరిగినవారికి వర్ణన అక్కరలేదు. ఎరగనివారికి వర్ణించినా లాభం లేదు. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఇన్వర్టరు మీద అమ్మ గదిలో పంకా, వసారాలో ఒక దీపం, నా ల్యాప్‌టాపు నడవాలి. బ్యాటరీ పాతది. తెల్లవారేదాకా ఆగదు. అమ్మకు గాలా, ప్రాసెసరుకు వేగమా అన్నది నాకు సిద్ధాంత చర్చ కాదు. రాత్రి రెండు గంటలకు చెమటలో తడుస్తూ తేల్చుకోవలసిన లెక్క.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ప్రాసెసరు తినే కరెంటు రాతిమీద చెక్కిన అంకె కాదు. దానికి లోపలే ఒక తూము ఉంది. ఇంటెల్ సంస్థ 2011లో శాండీ బ్రిడ్జ్ తరం ప్రాసెసర్లతో ‘ర్యాపల్’ అనే ఏర్పాటు తెచ్చింది. ప్రాసెసరు తన ఖర్చును తానే లెక్కకట్టుకుంటూ, విధించిన పరిమితికి మించబోతే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పరిమితులు ప్రధానంగా రెండు. మొదటిది దీర్ఘకాలికం: ఒక కాలవ్యవధిలో సగటు ఇంతకు మించరాదు. రెండవది స్వల్పకాలికం: ఆ సగటుకు లోబడి, కాసేపు ఇంతదాకా పోవచ్చు. సంసారి నెల జీతంలాంటిదే ఇది. పండుగ రోజున నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టవచ్చు. నెల సగటు మాత్రం జీతం దాటకూడదు. మీరు కంప్యూటరులో ఏదైనా పని మొదలుపెట్టగానే తొలి అరనిమిషం పరుగెత్తి తరవాత నెమ్మదించడం చూసే ఉంటారు. పాడైంది కాబోలని కంగారుపడినవారు కూడా మనలో ఉన్నారు. అది పాడవడం కాదు; పండుగ అయిపోవడం.

ఈ తూమును చూడటానికి లినక్సులో ఏ అదనపు సాఫ్టువేరూ అక్కరలేదు. 2014 జనవరిలో విడుదలైన 3.13 కెర్నెలు నాటినుంచీ ‘పవర్‌క్యాప్’ అనే ద్వారం అందులో ఉంది. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఆంగ్లంలో, అన్నీ చిన్న అక్షరాలతో కొట్టండి. నల్లతెర తెరచి:

క్యాట్ /సిస్/క్లాస్/పవర్‌క్యాప్/ఇంటెల్-ర్యాపల్:0/కన్‌స్ట్రెయింట్_0_పవర్_లిమిట్_యూడబ్ల్యూ

అంటే ఒక అంకె వస్తుంది. అది మైక్రోవాట్లలో ఉంటుంది గనక పది లక్షలతో భాగించుకోవాలి. నా మొదటి ల్యాప్‌టాపులో 25000000 అని వచ్చింది, అంటే 25 వాట్లు. సున్నాకు బదులు ఒకటి పెట్టి, కన్‌స్ట్రెయింట్_1 అని అడిగితే స్వల్పకాలిక పరిమితి 44 వాట్లని చెప్పింది. అదే చోట టైమ్_విండో_యూఎస్ అని ముగిసే ఫైలులో కాలవ్యవధి మైక్రోసెకన్లలో ఉంటుంది. నాకు కనబడినది 27983872, అంటే దాదాపు 28 సెకన్లు. ఆ ప్రాసెసరు వివరపత్రంలో నాకు చెప్పిన అంకె మాత్రం 15 వాట్లు. పదిహేను చెప్పి, నిలకడగా పాతిక, అవసరమైతే నలభైనాలుగు! ఇందులో అబద్ధం లేదని వారంటారు. ఉష్ణరూపకల్పనకు సంబంధించిన అంకెను వారు అచ్చువేశారు. ఖర్చు అంకె అని నేను చదువుకున్నాను. తప్పు చదువుకునేటట్టు అచ్చువెయ్యడం కూడా ఒక విద్యే.

అన్నిటినీ ఒక్క చూపులో చూడాలంటే పవర్‌క్యాప్-ఇన్ఫో, టర్బోస్టాట్ అనే పనిముట్లున్నాయి. టర్బోస్టాటును సుడోతో నడిపితే మొదట్లో వచ్చే పొడుగాటి పట్టికలో ప్యాకేజీ విద్యుత్ పరిమితి అనే వరుస ఉంటుంది. ఆ వరుసలో ‘లాక్డ్’ అనో ‘అన్‌లాక్డ్’ అనో రాసి ఉంటుంది. ఆ ఒక్క మాటను గుర్తుపెట్టుకోండి. ఈ పేచీ అంతా దాని గురించే.

మొదటి ల్యాప్‌టాపు తాళం లేనిది. కాబట్టి నాకు తోచిన పరిమితి పెట్టుకున్నాను:

ఎకో 12000000 | సుడో టీ /సిస్/క్లాస్/పవర్‌క్యాప్/ఇంటెల్-ర్యాపల్:0/కన్‌స్ట్రెయింట్_0_పవర్_లిమిట్_యూడబ్ల్యూ

అంతే. ఆ క్షణంలోనే పంకా గోల అణగింది. యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు, మరచాలు అక్కరలేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. యంత్రం నిద్రపోయి లేచినప్పుడు బయోసు పాత పరిమితిని తిరిగి పెట్టెయ్యవచ్చు. థర్మల్‌డీ అనే సేవకుడు నడుస్తూంటే అతడు కూడా తన ఇష్టం తాను చేస్తాడు. కనుక పెట్టిన తరవాత ఓసారి, లేచిన తరవాత ఓసారి అంకెను చదివి చూసుకోవాలి. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఇంటెల్-ర్యాపల్-ఎమ్‌ఎమ్‌ఐఓ అని ఇంకొక తూము కూడా ఉంటుంది. రెంటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. ఒకచోట పెంచినా ఫలితం కనబడలేదని వగచేవారు రెండో తూమును చూడనివారే.

ఇక ఫలితం. నా పనిలో వంద పుటలకు 25 వాట్ల దగ్గర పదకొండు నిమిషాలు పట్టేది. 12 వాట్ల దగ్గర పదిహేను నిమిషాలు పట్టింది. పరిమితి సగానికి పైగా తగ్గితే వేగం నాలుగోవంతుకు మించి పెద్దగా తగ్గలేదు. వంద పుటలకు అయిన శక్తి లెక్క చూస్తే మొదటిది 16500 జౌళ్లు, రెండవది 10800 జౌళ్లు. మూడోవంతు ఆదా! (ఇది ప్రాసెసరు ఒక్కదాని లెక్క. తక్కిన భాగాలు ఎక్కువసేపు మేలుకొని ఉంటాయి గనక మొత్తంలో ఆదా కొంత తగ్గుతుంది.) ఇందులో మాయ లేదు. ప్రాసెసరు ఖర్చు దాని వేగాన్ని బట్టీ, వోల్టేజి వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి. అందువల్ల చివరి కొసరు వేగానికి మనం చెల్లించేది కొసరు ధర కాదు, బంగారం ధర. తయారీదారులు ఆ చివరి కొసరును ఎందుకు వదులుకోరంటే పోలిక పట్టికల్లో పక్క కంపెనీకంటే ఒక గీత పైన నిలబడటానికి అదే ఆధారం. ఆ గీత వారిది. బిల్లు మనది. ఇన్వర్టరు మనది. చెమట కూడా మనదే.

ఈ పని తీపి తెలిశాక పుటలు వేలల్లో ఉన్నాయి గదా అని రెండవ ల్యాప్‌టాపు కొన్నాను. వేగం గలది. దీర్ఘకాలిక పరిమితి 45 వాట్లు. ఇన్వర్టరు మీద నడిచేటప్పుడు దాన్ని 20కి దించుదామనుకున్నాను. మిగిలే 25 వాట్లంటే కొత్తరకం తక్కువ ఖర్చు పంకా ఒకటి దాదాపు పూర్తి వేగంతో తిరిగేందుకు సరిపోయేంత. ఆదేశం ఇచ్చాను. అనుమతి లేదన్నది. సుడోతో ఇచ్చిన ఆదేశానికి అనుమతి లేకపోవడమేమిటని కెర్నెలు చిట్టా తీసి చూస్తే, బయోసు తాళం వేసిందనీ, చూడటమే తప్ప మార్చడం కుదరదనీ తెలిసింది. పరిమితులను దాచే రిజిస్టరు ఒకటుంది, పదహారాంక పద్ధతిలో దాని సంఖ్య 610. అందులో 64 గడులు. చిట్టచివరి గడిలో ఒకటి పెడితే తాళం పడినట్టు. యంత్రాన్ని ఆపి మళ్లీ వెలిగించేదాకా ఆ రెండు పరిమితులనూ ఎవరూ మార్చలేరు; వెలిగించగానే మనకంటే ముందు మేలుకొనేది బయోసు గనక, అది మళ్లీ తాళం వేసేస్తుంది. బయోసు పేజీల్లో దీన్ని తీసే మీట ఎక్కడా లేదు. నా డబ్బుతో కొన్న యంత్రంలో నేను రూటునై ఉండి కూడా మ్యూజియం చూడటానికి వచ్చినవాణ్ణి: చూడవచ్చు, ముట్టరాదు.

సేవాకేంద్రానికి వెళ్లింది అప్పుడే. “అవన్నీ మీకెందుకండీ?” అన్న మాట విన్నదీ అప్పుడే.

ఎదుటివారి వాదాలను వినకుండా తిట్టడం నాకు ఇష్టం లేదు. వారికి వాదాలున్నాయి, అన్నీ తీసిపారెయ్యదగినవి కావు.

మొదటి వాదం భద్రత. “మీరు ఇష్టం వచ్చినట్టు పెంచితే యంత్రం కాలిపోతుంది.” పెంచడం గురించైతే ఇందులో సగం నిజముంది. ల్యాప్‌టాపు లోపలి రాగిగొట్టం ఎంత వేడిని మోయగలదో, ఎడాప్టరు ఎంత కరెంటు ఇవ్వగలదో దాన్ని తయారుచేసినవారికి నాకంటే బాగా తెలుసు. అయితే వేడి మితిమీరినప్పుడు ప్రాసెసరును నెమ్మదింపజేసే ఏర్పాటు వేరే ఉంది. అది విద్యుత్ పరిమితి మీద ఆధారపడదు. మరీ ముదిరితే యంత్రాన్నే ఆపేస్తుంది. సరే, అది కూడా పక్కన పెడదాం. పెంచడానికి తాళం వేసుకోండి, ఒప్పుకుంటాను. నేను అడిగినది తగ్గించడం. 45 వాట్లను భరించగల యంత్రం 20 వాట్లను భరించలేదా? అన్నం తక్కువ తింటానన్నవాణ్ణి అజీర్తి చేస్తుందని భయపెట్టే వైద్యుణ్ణి ఎక్కడైనా చూశామా? ఆ తాళపు గడి ఒక్కటే; అది పెంచడాన్నీ తగ్గించడాన్నీ ఒకే గాటన కట్టేస్తుంది. ఈ రెంటినీ వేరుచేసే ఏర్పాటు చెయ్యకపోవడం భద్రత కాదు, బద్ధకం.

రెండవ వాదం దాడులు. ఇది గట్టిది. 2019 డిసెంబరులో ‘ప్లండర్‌వోల్ట్’ అనే దాడిని పరిశోధకులు బయటపెట్టారు. సాఫ్టువేరు ద్వారా వోల్టేజిని తగ్గించి, ప్రాసెసరు లోపలి రక్షిత గది చేసే లెక్కల్లో తప్పులు పుట్టించి, రహస్యాలు లాగవచ్చని చూపారు. దాంతో వోల్టేజి మార్చే ద్వారాన్ని బయోసు ద్వారా మూసేశారు. 2020 నవంబరులో ‘ప్లాటిపస్’ వచ్చింది. ప్రాసెసరు ఖర్చుచేసిన శక్తి లెక్కను పదేపదే చదువుతూ, ఆ ఎగుడుదిగుళ్లనుంచి రహస్య తాళంచెవులను ఊహించవచ్చని తేలింది. అప్పటినుంచి ఎనర్జీ_యూజే అనే శక్తి లెక్క ఫైలును లినక్సులో రూటు తప్ప ఇతరులు చదవలేరు.

ఈ రెండు ఉదంతాలూ తాళాలను సమర్థిస్తాయి గదా అంటారు. సమర్థిస్తాయి, ఏ తాళాలను అన్నది చూడాలి. ప్లాటిపస్ తరవాత లినక్సువారు వేసిన తాళాన్ని గమనించండి. అది దారినపోయే ప్రోగ్రామునుంచి లెక్కను దాచింది. ఇంటి యజమాని సుడో అంటే తెరుచుకుంటుంది. దొంగకు తాళం, యజమానికి చెవి. ఇది న్యాయం. ప్లండర్‌వోల్ట్ విషయంలో మూసినది వోల్టేజి ద్వారం. వోల్టేజి మరీ దిగితే లెక్క తప్పుతుంది, అది నిజం. విద్యుత్ పరిమితి దిగితే లెక్క తప్పదు. ప్రాసెసరు తన వేగాన్నీ దానికి తగిన వోల్టేజినీ కలిపి, పద్ధతిగా దించుకుంటుంది. ఈ రెంటినీ కలగలిపి “భద్రతా కారణాలు” అనే ఒకే దుప్పటి కప్పేవారు తెలియక కప్పుతున్నారో, తెలిసి కప్పుతున్నారో మీరే తేల్చండి.

మూడవ వాదం మనవాళ్లలోనే వినబడుతుంది: “సామాన్యుడికి ఇవేమీ అర్థం కావు.” ఈ సామాన్యుడెవరో నాకు ఇంతవరకూ కనబడలేదు. పొలం మోటారుకు ఎన్ని ఆంపియర్లు లాగితే వైండింగు కాలుతుందో మా పెదనాన్నకు తెలుసు. ఆయన ఏ కళాశాలకూ పోలేదు. స్టార్టరు పెట్టెలో ఆ పరిమితిని తిప్పే చిన్న మీట ఉంది. ఆయన దాన్ని స్క్రూడ్రైవరుతో తానే తిప్పుకుంటాడు. ఐదు గుర్రాల మోటారును నమ్మి ఆయన చేతిలో పెట్టినవాళ్లం, పదిహేను వాట్ల ప్రాసెసరు దగ్గరకొచ్చేసరికి ఆయన మనవణ్ణి సామాన్యుడంటాం!

ఇక రెండో ఒడ్డున ఉన్న మిత్రులతో కూడా ఒక మాట. “పరిమితులన్నీ ఎత్తెయ్యండి, పూర్తి సత్తా చూడండి” అని సలహాలిచ్చే ఉత్సాహవంతులున్నారు. డెస్క్‌టాపు మదర్‌బోర్డుల్లో చాలా కాలం పరిమితి 4095 వాట్లని పెట్టి పంపడం ఆనవాయితీగా సాగింది. ఈ అంకె ఎక్కడిదంటే, పరిమితి రాసే గడులు పదిహేను. ఒక్కో మెట్టు వాటులో ఎనిమిదో వంతు. అన్ని గడులూ నింపితే వచ్చే అతి పెద్ద అంకె అది. రెండు ఇండక్షను పొయ్యిలు మండేంత కరెంటును ఒక గచ్చకాయంత చిప్పుకు రాసివ్వడమన్నమాట! అది పరిమితి కాదు, పరిమితికి పెట్టిన దండం.

దాని పర్యవసానం 2024లో చూశాం. ఇంటెల్ పదమూడు, పద్నాలుగు తరాల డెస్క్‌టాపు ప్రాసెసర్లలో పెద్దవి కొన్ని అస్థిరమై, ఆటల మధ్యలో కూలబడటం మొదలైంది. ఆ సంస్థ అదే ఏడాది సెప్టెంబరులో నాలుగు కారణాలు చెప్పింది. మూడు తమ మైక్రోకోడు, వోల్టేజి కోరే పద్ధతుల లోపాలు. ఒకటి మాత్రం మదర్‌బోర్డుల విద్యుత్ అమరికలు తమ మార్గదర్శకాలను మించిపోవడం. లోపాలను సరిదిద్దే మైక్రోకోడులు ఇచ్చారు, వారంటీని మరో రెండేళ్లు పొడిగించారు. అప్పటికే దెబ్బతిన్న చిప్పును మాత్రం ఏ మైక్రోకోడూ బాగుచెయ్యలేదు. నేనీ కథను పరిమితులు ఎత్తెయ్యడమే సర్వానర్థాలకూ మూలమని చెప్పడానికి ఎత్తలేదు. అసలు దోషం వోల్టేజిది. నేను చెప్పేదల్లా ఒక్కటి: తన యంత్రంలో ఏ అంకె పెట్టి ఉందో కొన్నవాడికి తెలియదు. ల్యాప్‌టాపులో తాళం వేసి తెలియనివ్వలేదు. డెస్క్‌టాపులో తలుపులే పీకేసి తెలియనివ్వలేదు. రెండుచోట్లా కొన్నవాణ్ణి అడిగినవాడు లేడు.

ఇంటెల్ 2021లో పన్నెండవ తరంతో పాత ఉష్ణరూపకల్పన అంకెను మార్చి, మూల విద్యుత్తు, గరిష్ఠ టర్బో విద్యుత్తు అని రెండంకెలు ప్రకటించడం మొదలుపెట్టింది. అప్పటి పెద్ద ప్రాసెసరుకు అవి 125, 241 వాట్లు. ఇది మెచ్చుకోదగిన మార్పు. ఏఎమ్‌డీ వైపు చూస్తే, ఏఎమ్4 సాకెట్టు రోజుల్లో పెట్టెమీద 65 అని ఉన్నదానికి సాకెట్టు పరిమితి 88 వాట్లు, 105 అని ఉన్నదానికి 142 వాట్లు. ఒక కంపెనీని తిట్టి మరొకదాన్ని నెత్తిన పెట్టుకునే పని నాకు లేదని చెప్పడానికే ఈ మాట.

గ్రాఫిక్ కార్డుల విషయంలో ఇంతకంటే మేలైన పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఎన్‌విడియా డెస్క్‌టాపు కార్డులకు ఎన్‌విడియా-ఎస్‌ఎమ్‌ఐ అనే ఆదేశంతో విద్యుత్ వివరాలు అడిగితే ఇప్పటి పరిమితి, మామూలు పరిమితి, కనిష్ఠం, గరిష్ఠం అన్నీ వరసగా చెబుతుంది. ఆ కనిష్ఠ గరిష్ఠాల మధ్య మనకు నచ్చిన అంకె పెట్టుకోవచ్చు. తయారీదారు గట్లు వేశాడు. గట్ల మధ్య నీరు మనిష్టం. ప్రాసెసర్లకు నేను అడిగేది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. విడివిడిగా చెబుతాను.

ఒకటి. యంత్రం అమ్మేవాడు దీర్ఘకాలిక పరిమితి, స్వల్పకాలిక పరిమితి, కాలవ్యవధి, ఈ మూడూ తాను ఎంతెంత పెట్టాడో పెట్టెమీద అచ్చువెయ్యాలి. చిప్పు తయారీదారు ఏం చెప్పాడన్నది కాదు, ఈ యంత్రంలో ఏముందన్నది.

రెండు. పరిమితిని తగ్గించుకోవడానికి ఏ తాళమూ ఉండరాదు.

మూడు. పెంచుకోవడానికి గట్టు వేస్తే వెయ్యవచ్చు. ఆ గట్టు ఎంత ఎత్తో చెప్పాలి.

నాలుగు. తాళం ఉంటే అది ఉన్నదని కొనకముందే చెప్పాలి. ఇంటికి తెచ్చి కెర్నెలు చిట్టా చదివితే తెలిసే స్థితి ఉండరాదు.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ వారికి పైసా ఖర్చు కాదు. ఖర్చయ్యేది ఒక్కటే, మన అజ్ఞానంమీద వారికున్న ధీమా.

సాహిత్యం రాసుకునే ఈ పేజీలో వాట్ల గోలేమిటని కొందరికి అనిపించవచ్చు. మనం మరిచిపోయామేమో గాని, మనమందరం ఇక్కడ పోగవడానికి కారణమే ఇలాంటి ఒక తాళం బద్దలవడం. ఒక్కో పత్రికకూ ఒక్కో సొంత ఖతి, ఒక్కో సొంత సంకేతపద్ధతి ఉన్న రోజులు గుర్తున్నాయా? ఒకచోటి తెలుగు మరొకచోట అతికిస్తే పిచ్చిగీతలయ్యేది. వెతకబోతే దొరికేది కాదు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, అది మన తెరలమీదికి రావడానికి ఏళ్లు పట్టింది. అప్పుడు కూడా పెద్దలు ఇదే మాటన్నారు: “చదువుకోవడానికి కనబడుతోంది కదా, లోపల ఏముంటే మీకెందుకండీ?” ఆ మాట విని ఊరుకొని ఉంటే నేనీ వాక్యం రాసేవాణ్ణి కాదు, మీరు చదివేవారు కారు. అక్షరం దగ్గర ఒప్పుకోని మాటను వాటు దగ్గర ఎందుకు ఒప్పుకోవాలి?

చివరికి నా రెండో ల్యాప్‌టాపు ఏమైందో చెప్పి ముగిస్తాను. ముందు తలుపుకు తాళం వేసినవారు పెరటి తలుపు మరిచిపోయారు. ఇంటెల్_పీస్టేట్ అనే ఫోల్డరులో మ్యాక్స్_పెర్ఫ్_పీసీటీ అని ఒక ఫైలుంది. ప్రాసెసరు తన గరిష్ఠ సత్తాలో ఎంత శాతం దాటకూడదో అందులో రాయవచ్చు. నేను 60 అని రాశాను. వేగానికి కప్పు పడింది, దానితో వాట్లూ దిగాయి. టర్బోస్టాటు చూస్తే 20 చుట్టుపక్కలకు వచ్చాయి. ఇది సరైన పనిముట్టు కాదు. వాట్లకు హద్దు పెట్టవలసినవాణ్ణి వేగానికి హద్దు పెట్టి, వాట్లు ఎంతవుతాయో ఊహించుకోవలసి వచ్చింది. కాని ఇది ఒక సంగతి రుజువు చేసింది. అదే యంత్రం, అదే నేను, అదే తగ్గింపు. పెరటి దారిన వెళితే ఏ ప్రమాదమూ లేనిది, ముందు తలుపు దగ్గర ప్రమాదం ఎలా అవుతుంది? ఇక ఆ తాళం దేన్ని కాపాడుతున్నట్టు?

ఆ రాత్రి కరెంటు మూడు గంటలు పోయింది. అమ్మ పంకా ఆగలేదు. తెల్లారేసరికి రెండు సంచికలు అక్షరాలై కూర్చున్నాయి.

మిత్రులారా, ఈ రాత్రి మీరు కూడా మీ యంత్రాన్ని ఆ మొదటి ప్రశ్న అడగండి. ఏ అంకె వచ్చిందో, తాళం ఉందో లేదో కింద రాయండి. ఏ రకం యంత్రాల్లో ఎంత ఉందో నలుగురికీ తెలిస్తే కొనబోయేవారికి పనికొస్తుంది. తాళం కనబడితే అమ్మినవాణ్ణి అడగండి. “అవన్నీ మీకెందుకండీ?” అంటే, బిల్లు కట్టేది నేను గనక అని చెప్పండి.